ఫోన్ మోగుతుంది, మాట వినబడదు: ఇంటర్నెట్ టెలిఫోనీ పదాల వెనక సంగతులు

ఇంటర్నెట్ ఫోన్ మీద వచ్చే ఫిర్యాదుల్లో ఒకటి మాత్రం ఎక్కడికి పోయినా ఒకేలా ఉంటుంది: "ఫోన్ మోగింది, ఎత్తాను, అవతలి మాట వినబడలేదు." తీగ ఫోన్‌కి అలవాటుపడ్డవాళ్లకి ఇది వింతే. మోగిందంటే లైను ఉన్నట్టు, లైను ఉంటే మాట రావాలి కదా? రావాలని లేదు. ఇక్కడ ఫోన్‌ని మోగించే దారి వేరు, మాట నడిచే దారి వేరు. ఈ ఒక్క ముక్క పట్టుకుంటే సిప్, ఆర్‌టీపీ, నాట్, స్టన్, జిట్టర్ అంటూ సెట్టింగుల పేజీలో బెదిరించే మాటల్లో ఎవరి పని ఏమిటో చాలావరకు తేలిపోతుంది. అందుకే అక్షరక్రమం జోలికి పోకుండా, ఒక కాల్ నడిచే వరుసలోనే చెప్పుకుంటూ పోతాను.

ముందు అడ్రసు సంగతి

ఫోన్‌ని నెట్‌వర్క్‌కి తగిలించగానే దానికో ఐపీ అడ్రసు కావాలి. అది పంచిపెట్టే ఏర్పాటు పేరు డీహెచ్‌సీపీ. ఇళ్లలో, చిన్న ఆఫీసుల్లో ఆ పని రూటరే చేస్తుంది. అడ్రసుతో పాటు ఇంకో మూడు సంగతులు చెబుతుంది: ఏయే అడ్రసులు మన నెట్‌వర్క్‌లోవో చెప్పే సబ్‌నెట్ మాస్క్, బయటికి పోవాల్సిన గుమ్మం గేట్‌వే, పేరు చెబితే అడ్రసు వెతికిపెట్టే డీఎన్‌ఎస్ సర్వర్. ఆఫీసు ఫోన్లకి డీహెచ్‌సీపీ 66వ ఆప్షన్ కూడా పంపుతుంటారు. ఫోన్ తన సెట్టింగుల ఫైలు ఏ సర్వర్లో వెతుక్కోవాలో అందులో ఉంటుంది. కొత్త ఫోన్ పెట్టెలోంచి తీసి తగిలించగానే ఎక్స్‌టెన్షన్ నంబరు తనంతట తనే తెచ్చుకుంటోందంటే చాలాసార్లు దీని పుణ్యమే. ఏ ఫైలు ఏ ఫోన్‌దో గుర్తుపట్టేది మ్యాక్ అడ్రసుతో. ఫోన్ అడుగున స్టిక్కర్ మీద అంకెలూ అక్షరాలూ కలిపి 12 ఉంటాయి చూడండి, అదే.

రూటర్ ఇచ్చే అడ్రసు 192.168 తోనో, 10 తోనో, 172.16 నుంచి 172.31 లోపో మొదలవుతుంది. ఇవి ప్రైవేట్ అడ్రసులు, గుమ్మం దాటితే చెల్లవు. ఇలా చుక్కలతో రాసే ఐపీవీ4 అడ్రసు 32 బిట్లు, అంటే మొత్తం సుమారు 429 కోట్లు. లోకంలో ఉన్న పరికరాలన్నిటికీ అవి చాలవు. కాబట్టి ఇంట్లో ఎన్ని పరికరాలున్నా బయటికి ఒకే పబ్లిక్ అడ్రసు కనిపించేలా రూటర్ మారువేషం వేయిస్తుంది. దాని పేరు నాట్. లోపలి అడ్రసు, పోర్టు ఇది, బయటికి వేసిన పోర్టు ఇది అని ఒక పట్టికలో రాసుకుని, జవాబు వచ్చినప్పుడు ఆ వరుస చూసి లోపలికి పంపుతుంది. పోర్టు అంటే ఒకే అడ్రసులో ఏ ప్రోగ్రామ్‌కి చేరాలో చెప్పే నంబరు. 0 నుంచి 65535 దాకా ఉంటుంది.

ఈ పట్టికలోని వరుస శాశ్వతం కాదు. కాసేపు రాకపోకలు లేకపోతే రూటర్ చెరిపేస్తుంది. సమాచారం పంపే పద్ధతుల్లో ఒకటైన యూడీపీకి (తేడా కింద చెబుతాను) ఆ గడువు కొన్ని రూటర్లలో 30 సెకన్లే. "నేను చేస్తే కాల్ పోతోంది, నాకు మాత్రం కాల్ రావట్లేదు, ఫోన్ రీస్టార్ట్ చేస్తే కాసేపు బాగుంటోంది" అనేవాళ్ల రోగం దాదాపు ఇదే. ఫోన్ సెట్టింగుల్లో కీప్ అలైవ్ అనేది వెతికి 20 లేదా 25 సెకన్లకి పెట్టండి. వరుస చెరిగిపోకముందే ఫోన్ ఒక చిన్న ప్యాకెట్ (సమాచారపు ముక్క) పంపి దాన్ని బతికిస్తుంది.

రూటర్ పేజీలో వ్యాన్ అడ్రసు (బయటివైపు అడ్రసు) 100.64 నుంచి 100.127 లోపు మొదలైతే మీ సర్వీస్ ప్రొవైడర్ కూడా ఇంకో నాట్ వేసినట్టు. దాన్ని సీజీనాట్ అంటారు. అప్పుడు మీ రూటర్లో పోర్టు ఫార్వర్డింగ్ (బయటినుంచి ఒక పోర్టుకి వచ్చినదాన్ని లోపలి ఫలానా పరికరానికి పంపే ఏర్పాటు) ఎంత శ్రద్ధగా చేసినా ఐపీవీ4లో బయటివాళ్లు లోపలికి రాలేరు.

టీసీపీ, యూడీపీ తేడా క్లుప్తంగా: దారిలో పోయినదాన్ని టీసీపీ మళ్లీ పంపుతుంది, యూడీపీ పంపి ఊరుకుంటుంది. మాటకి యూడీపీయే నయం. అర సెకను ఆలస్యంగా వచ్చిన అక్షరాన్ని ఎక్కడ అతికిస్తాం?

సిప్: మోగించే దారి

కాల్ మొదలుపెట్టడం, మోగించడం, ముగించడం సిప్ పని. 1999లో తొలి రూపం వచ్చింది. ఇప్పటికీ ఆధారం 2002 నాటి ఇంటర్నెట్ ప్రమాణపత్రం ఆర్‌ఎఫ్‌సీ 3261. మామూలుగా 5060 పోర్టు, టీఎల్‌ఎస్ గుప్తీకరణతో అయితే 5061. సందేశాలన్నీ మామూలు అక్షరాల్లోనే ఉంటాయి కాబట్టి లాగ్ (జరిగినదంతా రాసిపెట్టే ఫైలు) తెరిచి కంటితో చదువుకోవచ్చు. ఇది సిప్ చేసిన పెద్ద ఉపకారం.

ఫోన్ ముందు రిజిస్టర్ అనే సందేశం పంపుతుంది: "ఈ ఎక్స్‌టెన్షన్‌కి కాల్ వస్తే నన్ను ఈ అడ్రసులో పట్టుకో" అని. దానికి తొలి జవాబుగా సర్వర్ 401 అంటుంది. లాగ్‌లో 401 కనబడగానే కంగారుపడేవాళ్లు ఎక్కువ, అక్కర్లేదు. అది సర్వర్ వేసే ప్రశ్న. ఫోన్ తన పాస్‌వర్డ్‌తో ఆ ప్రశ్నకి లెక్క కట్టి మళ్లీ పంపితే 200 ఓకే వస్తుంది. రెండోసారి కూడా 401 వస్తేనే పాస్‌వర్డో యూజర్ నేమో తప్పు. ఈ రిజిస్ట్రేషన్‌కీ గడువుంటుంది, 3600 సెకన్లు మామూలు.

కాల్ చేస్తే ఇన్వైట్ పోతుంది. 100 అంటే అందింది, చూస్తున్నాను. 180 అంటే అవతల మోగుతోంది. ఎత్తగానే 200 ఓకే, దానికి ఇటునుంచి ఏక్ అనే రసీదు. పెట్టేసినప్పుడు బై. కాల్ కుదరకపోతే వచ్చే నంబర్లలో 486 బిజీ, 404 అలాంటి నంబరు లేదు, 480 ప్రస్తుతం అందుబాటులో లేదు, 403 నీకు అనుమతి లేదు, 408 జవాబు కోసం చూసి చూసి విసిగిపోయాం. 487 చూసి లోపమనుకుంటారు గానీ, అది అవతల ఎత్తకముందే ఇటువాళ్లు పెట్టేశారని చెప్పడమే. 488 మాత్రం అసలైన తగువు: మాటని ఏ పద్ధతిలో పంపాలో ఇద్దరికీ కుదరలేదు.

ఆ పద్ధతి కుదుర్చుకునే కాగితం ఇన్వైట్ లోపలే మడిచి ఉంటుంది. పేరు ఎస్‌డీపీ. "నాకు మాటని ఈ అడ్రసుకి, ఈ పోర్టుకి పంపు, నాకు ఈ కోడెక్‌లు వచ్చు" అని అందులో రాసి ఉంటుంది. కోడెక్ అంటే మాటని అంకెలుగా మార్చే పద్ధతి. చిక్కంతా ఇక్కడే. ఫోన్‌కి తెలిసిన అడ్రసు 192.168 తో మొదలయ్యేదే కాబట్టి అదే రాస్తుంది. నాట్ కవరు మీది అడ్రసు మారుస్తుంది గానీ లోపలి కాగితం చదవదు. అవతలి ఫోన్ నమ్మకంగా ఆ చెల్లని అడ్రసుకే మాట పంపుతుంది. ఇటునుంచి అటు వినబడుతుంది, అటునుంచి ఇటు రాదు. రెండు వైపులా నాట్ ఉండి మధ్యలో ఎవరూ సరిదిద్దకపోతే ఎవరికీ ఏమీ వినబడదు. మోగడం మాత్రం శుభ్రంగా మోగుతుంది.

దీనికి మందులు చాలా ఉన్నాయి. స్టన్ సర్వర్ బయట, సాధారణంగా 3478 పోర్టులో ఉంటుంది. ఫోన్ దాన్ని "నేను బయటికి ఏ అడ్రసుతో కనబడుతున్నాను?" అని అడిగి, వచ్చిన జవాబునే ఎస్‌డీపీలో రాస్తుంది. కొన్ని రూటర్లు ఒక్కో గమ్యానికి ఒక్కో పోర్టు వేస్తాయి. అది సిమెట్రిక్ నాట్. స్టన్ చెప్పిన పోర్టు స్టన్ దగ్గరే చెల్లుతుంది తప్ప ఇంకొకరికి పనికిరాదు. అప్పుడు టర్న్ కావాలి. మాట మొత్తం ఆ సర్వర్ గుండా మలుపు తిరిగి వెళుతుంది. ఖర్చు ఎక్కువ, ఆలస్యం కొంచెం పెరుగుతుంది, కానీ పని జరుగుతుంది. ఏ దారి తెరిచి ఉందో అన్నీ ప్రయత్నించి చూసే పద్ధతి ఐస్. బ్రౌజర్లో చేసే కాల్స్ దీని మీదే నడుస్తాయి.

సర్వర్ మీ చేతిలో ఉంటే ఇంకో సులువైన దారి: కాగితంలో ఏం రాసి ఉన్నా పట్టించుకోకుండా, మాట ఎక్కడినుంచి వచ్చిందో అక్కడికే తిరిగి పంపమనడం. దీని పేరు సిమెట్రిక్ ఆర్‌టీపీ. సిమెట్రిక్ అనే మాట రెండు చోట్లా ఉంది గానీ ఒకటి రోగం, ఇంకొకటి మందు. కలిపేసుకోకండి.

వీటన్నిటికంటే ముందు చూడాల్సింది రూటర్లో సిప్ ఏఎల్‌జీ. కొన్నిట్లో సిప్ హెల్పర్, సిప్ పాస్‌త్రూ అని ఉంటుంది. లోపలి కాగితం కూడా తానే దిద్దుతానని ముందుకొచ్చే సదుపాయం ఇది. ఉద్దేశం మంచిదే, చేతే సరిగ్గా తిరగదు. ఒక వరుస దిద్ది ఇంకోటి వదిలేయడం, స్టన్ ఇప్పటికే సరిచేసినదాన్ని మళ్లీ చెడగొట్టడం దీని అలవాటు. ఆపేసి, రూటర్నీ ఫోన్‌నీ రీస్టార్ట్ చేసి చూడండి. వేరే కారణాలు వెతికేది ఆ తర్వాతే.

గడియారం చెప్పే లోపాలు

కాల్ ఎన్ని సెకన్లకి తెగిందో చూస్తే సగం రోగం అక్కడే దొరుకుతుంది. మాట బాగానే నడుస్తూ సరిగ్గా 32 సెకన్లకి తెగితే, ఏక్ అందలేదన్నమాట. ఎత్తినవాళ్ల ఫోన్ 200 ఓకే పంపి రసీదు కోసం చూస్తుంది. రాకపోతే అర సెకనుకి, తర్వాత ఒక సెకనుకి, రెండు సెకన్లకి, ఆపైన నాలుగేసి సెకన్లకి మళ్లీ మళ్లీ పంపుతుంది. అర సెకనుకి 64 రెట్లు, అంటే 32 సెకన్లు గడిచాక ఇక లాభం లేదని బై చెప్పేస్తుంది. ఏక్ ఎందుకు రాలేదు? సిప్ సందేశంలోని కాంటాక్ట్ అనే వరుసలో ప్రైవేట్ అడ్రసు ఉండిపోయింది, రసీదు అటు పోయి మాయమైంది. మళ్లీ నాట్ గొడవే.

15 లేదా 30 నిమిషాలకి ఖచ్చితంగా తెగితే సెషన్ టైమర్‌ని అనుమానించండి. కాల్ ఇంకా బతికే ఉందా అని మధ్యలో ఒకసారి పలకరించుకునే ఏర్పాటు అది. 1800 సెకన్లు పెట్టుకుంటే సగంలో, 900వ సెకనులో ఆ పలకరింపు పోవాలి. దారిలో కాపలా కాసే ఫైర్‌వాల్ దాన్ని మింగేస్తే కాల్ పోతుంది.

ఇంకోటి, కొంచెం అరుదు. కొన్ని నంబర్లకి కాల్ పోతుంది, కొన్నిటికి అసలు కదలదు, జవాబుగా ఏ ఎర్రర్ నంబరూ రాదు. ఇన్వైట్ బరువెక్కి 1500 బైట్ల ఎంటీయూ (ఒక ప్యాకెట్‌కి ఉండే గరిష్ఠ పరిమాణం) దాటి, రెండు ముక్కలై, ఒక ముక్కని ఏదో ఫైర్‌వాల్ పడేసి ఉండవచ్చు. అక్కర్లేని కోడెక్‌లన్నీ తీసేస్తే సందేశం చిన్నదవుతుంది. లేదా సిప్‌ని టీసీపీకి మార్చండి. 1300 బైట్లు దాటితే టీసీపీ వాడమని ఆ ఆర్‌ఎఫ్‌సీయే చెబుతుంది.

ఆర్‌టీపీ, కోడెక్: మాట నడిచే దారి

మాటని ముక్కలు చేసి, ఒక్కో ముక్కకి వరుస నంబరు, సమయం రాసి పంపేది ఆర్‌టీపీ. దీనికి 5060 లాంటి స్థిరమైన పోర్టు లేదు, ప్రతి కాల్‌కీ ఎస్‌డీపీలో కొత్తగా ఒప్పుకుంటారు. ఆస్టరిస్క్ అనే ఫోన్ సర్వర్ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లు మామూలుగా 10000 నుంచి 20000 దాకా చూస్తుంటారు. ఫైర్‌వాల్‌లో 5060 ఒక్కటే తెరిచి, మోగుతోంది గానీ మాట లేదు అంటే కారణం ఇదే.

ఇక కోడెక్‌ల సంగతి. జీ.711 సెకనుకి 8000 నమూనాలు, ఒక్కోటి 8 బిట్లు తీసుకుంటుంది, అంటే 64 కిలోబిట్లు. 20 మిల్లీసెకన్ల మాటకి 160 బైట్లు. దానికి ఆర్‌టీపీ 12, యూడీపీ 8, ఐపీ 20 బైట్ల తొడుగులు. మొత్తం 200 బైట్లు, సెకనుకి 50 ప్యాకెట్లు, 80 కిలోబిట్లు. ఈథర్‌నెట్ తొడుగు కూడా కలిపితే 87.2. ఇది ఒక దిశకే. జీ.729 మాటని 8 కిలోబిట్లకి నొక్కేస్తుంది, 20 మిల్లీసెకన్లకి 20 బైట్లే. కానీ తొడుగులు అవే 40 బైట్లు. ఉత్తరం కంటే కవరు రెండింతల బరువన్నమాట. 8 అనుకున్నది తీరా 24 కిలోబిట్లవుతుంది.

పది కాల్స్ ఒకేసారి జీ.711లో నడిచినా ఒక దిశకి 872 కిలోబిట్లే. 100 మెగాబిట్ల లైను పెట్టుకుని జీ.729తో మాటని నలపడంలో అర్థం లేదు. రెండు వైపులా జీ.711 పెట్టుకోండి, లోపలి కాల్స్‌కి జీ.722 లేదా ఓపస్ పెట్టుకోండి. జీ.711 సుమారు 300 నుంచి 3400 హెర్ట్జ్ దాకానే మోస్తుంది. స, శ, ఫ లాంటి ఊదే అక్షరాల బలం చాలావరకు అంతకు పైనే ఉంటుంది కాబట్టి ఫోన్లో పేర్లు ఒకటికి రెండుసార్లు చెప్పాల్సి వస్తుంది. జీ.722 అంతే 64 కిలోబిట్లలో 7000 హెర్ట్జ్ దాకా తెస్తుంది. ఓపస్ 2012 నాటిది, 6 నుంచి 510 కిలోబిట్ల దాకా లైనుని బట్టి సర్దుకుంటుంది. జీ.711లో ఏ-లా, మ్యూ-లా అని రెండు రకాలు. ఉత్తర అమెరికా, జపాన్ మ్యూ-లా వాడితే మిగతా లోకంలో ఎక్కువగా ఏ-లా.

మెనూలో 1 నొక్కమంటే నొక్కినా పట్టకపోవడం డీటీఎంఎఫ్, అంటే అంకెల స్వరాల చిక్కు. అంకె స్వరాన్ని మాటలోనే కలిపి పంపడం ఇన్‌బ్యాండ్. జీ.729 లాంటి నొక్కే కోడెక్‌లో ఆ స్వరం నలిగిపోయి అవతల గుర్తుపట్టరు. ఆర్‌ఎఫ్‌సీ 2833 పద్ధతిలో, ఇప్పటి పేరు 4733, అంకెని విడి ప్యాకెట్‌గా పంపుతారు. రెండు చివర్లా ఇదే పెట్టండి. ఒకసారి నొక్కితే రెండుసార్లు పడుతోందంటే రెండు పద్ధతులూ ఒకేసారి పోతున్నాయి. ఫ్యాక్స్ అయితే, దాన్ని ఐపీ మీద పంపే టీ.38 పద్ధతి ఉందో లేదో ముందే కనుక్కోండి.

లేటెన్సీ, జిట్టర్, లాస్

నోటినుంచి చెవికి పట్టే సమయం లేటెన్సీ. ఐటీయూ (అంతర్జాతీయ టెలికాం సంఘం) సిఫార్సు జీ.114 ప్రకారం ఒక దిశకి 150 మిల్లీసెకన్ల లోపైతే మాట సాఫీగా సాగుతుంది. దాటితే ఒకరి మాట మీద ఒకరు పడుతుంటారు. నెట్‌వర్క్ సమయం కొలిచే పింగ్ చూపించేది రానూపోనూ సమయమని మరవకండి.

20 మిల్లీసెకన్లకి ఒకటి చొప్పున బయల్దేరిన ప్యాకెట్లు ఒకటి 5కి, ఇంకోటి 60కి చేరితే అది జిట్టర్. వాటిని కాసేపు ఆపి, వరుసలో పెట్టి వదిలే తొట్టి జిట్టర్ బఫర్. పెద్దది పెడితే గరగర తగ్గి ఆలస్యం పెరుగుతుంది, చిన్నది పెడితే ఆలస్యంగా వచ్చినవన్నీ పారేయాల్సి వస్తుంది. అడాప్టివ్ (లైనుని బట్టి తనంతట తనే సర్దుకునేది) ఉంటే అదే పెట్టండి. దారిలోనే పోయిన ప్యాకెట్ల లెక్క లాస్.

వేగం బోలెడంత ఉన్నా ఎవరో ఫైలు అప్‌లోడ్ చేయగానే మాట తెగుతోందా? ఆ పెద్ద ప్యాకెట్ల వెనక మీ మాట క్యూలో నిలబడింది. అప్‌లోడ్ 1 మెగాబిట్ అయితే ఒక్క 1500 బైట్ల ప్యాకెట్‌కి 12 మిల్లీసెకన్లు. ముందు అలాంటివి 50 ఉంటే 600. దీన్ని బఫర్‌బ్లోట్ అంటారు. ఇంకా పెద్ద ప్లాన్ కొంటే కొంత మరుగునపడుతుంది, అసలు మందు మాత్రం రూటర్లో ఎస్‌క్యూఎం (క్యూని అదుపు చేసే సదుపాయం) ఆన్ చేసి, అప్‌లోడ్ వేగాన్ని నిజంగా కొలిచినదానికి 90% దగ్గర కట్టడి చేయడం. క్యూ మీ రూటర్లోనే ఏర్పడుతుంది, అక్కడ మాటకి ముందు వరుస దొరుకుతుంది. ఫోన్లు ప్యాకెట్ మీద వేసే ముందు వరుస కోరే డీఎస్‌సీపీ 46 ముద్ర ఆఫీసు లోపల పనికొస్తుంది. ఇంటర్నెట్‌లోకి వెళ్లాక ఎవరైనా దాన్ని గౌరవిస్తారని ఆశపడకండి.

ప్రతిధ్వని సంగతి చాలామంది తలకిందులుగా పట్టుకుంటారు. మీ గొంతు మీకే తిరిగి వినబడుతుంటే లోపం చాలావరకు అవతలి చివర ఉంటుంది. వాళ్ల స్పీకర్ శబ్దం వాళ్ల మైకులోకి పోవడమో, అక్కడి తీగ లైను కూడలిలో తేడానో. మీ ఫోన్ మార్చి లాభం లేదు.

పోర్టులు, కరెంటు

పాత ఫోన్‌ని ఇంటర్నెట్‌కి కలిపే చిన్న పెట్టె ఏటీఏ. ఫోన్‌కి సుమారు 48 వోల్టులు, డయల్ టోన్ ఇచ్చే రంధ్రం ఎఫ్‌ఎక్స్‌ఎస్. గోడలోంచి వచ్చే టెలిఫోన్ లైను తగిలించేది ఎఫ్‌ఎక్స్‌ఓ. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి. లైనుని ఎఫ్‌ఎక్స్‌ఎస్‌లో గుచ్చితే రెండు వైపులనుంచీ కరెంటు ఎదురెదురై పోర్టు కాలిపోవచ్చు. గుచ్చే ముందు పెట్టె మీది అక్షరాలు చదవండి.

పీఓఈ అంటే నెట్‌వర్క్ తీగలోనే ఫోన్‌కి కరెంటు. దాని 802.3ఏఎఫ్ ప్రమాణంలో స్విచ్ ఒక్కో పోర్టుకి 15.4 వాట్లు ఇస్తుంది, తీగలో నష్టం పోను ఫోన్‌కి 12.95 దక్కుతుంది. 24 పోర్టుల స్విచ్ అన్నిటికీ పూర్తిగా ఇవ్వాలంటే సుమారు 370 వాట్లు కావాలి. కొనేటప్పుడు మొత్తం బడ్జెట్ చూడకపోతే చివరి నాలుగైదు ఫోన్లు వెలగవు.

తాళాలు

5060 పోర్టు ఇంటర్నెట్‌కి తెరిచి పెట్టిన సర్వర్ మీద పాస్‌వర్డులు ఊహించే ప్రోగ్రాములు పడుతూనే ఉంటాయి. 101 ఎక్స్‌టెన్షన్‌కి 101 పాస్‌వర్డ్ పెడితే మీ ఖాతాలో విదేశాలకి కాల్స్ పోతాయి. పొడవాటి పాస్‌వర్డ్, తెలిసిన ఐపీ అడ్రసులకే అనుమతి, అవసరం లేని విదేశీ డయలింగ్ మూసేయడం, ఈ మూడూ మొదటి రోజే చేయాలి.

గుప్తీకరణలోనూ రెండు దారుల మాట మరవకూడదు. టీఎల్‌ఎస్ మోగించే దారిని కప్పుతుంది, ఎవరు ఎవరికి చేశారో దాస్తుంది. మాట బట్టబయలుగానే పోతుంది. మాటని కప్పేది ఎస్‌ఆర్‌టీపీ. మరి ఎస్‌ఆర్‌టీపీ ఒక్కటే పెడితే? ఎస్‌డీఈఎస్ పద్ధతిలో ఆ తాళంచెవి ఎస్‌డీపీ కాగితంలోనే పోతుంది, టీఎల్‌ఎస్ లేకపోతే దాన్ని ఎవరైనా చదువుకోవచ్చు. రెండూ కలిపి పెడితేనే పని జరుగుతుంది.

కంటితో చూడాలంటే

ఇంత చేసినా తేలకపోతే వైర్‌షార్క్, అంటే ప్యాకెట్లని పట్టి విప్పి చూపించే ప్రోగ్రామ్. సర్వర్ మీదో, ఫోన్‌కి పోయే స్విచ్ పోర్టుని మిర్రర్ చేసో (నకలు తీసో) ప్యాకెట్లు పట్టి, టెలిఫోనీ మెనూలో వాయిప్ కాల్స్ తెరవండి. కాల్ ఎంచుకుని ఫ్లో సీక్వెన్స్ నొక్కితే ఇన్వైట్ నుంచి బై దాకా బాణాల బొమ్మ వస్తుంది. అదే మెనూలో ఆర్‌టీపీ స్ట్రీమ్స్ చూడండి. మంచి కాల్‌కి రెండు దిశల్లో రెండు వరుసలుండాలి, ఒక్కోదాని పక్కన లాస్, జిట్టర్ అంకెలు. ఒక్క వరుసే ఉంటే, అటువాళ్లకి పోయిన ఇన్వైట్‌లోనో 200 ఓకేలోనో ఎస్‌డీపీ తెరిచి, కనెక్షన్ అనే వరుసలో మీ వైపు అడ్రసు ఏముందో చదవండి. 192.168 కనబడితే దొంగ దొరికినట్టే.